మాట్లాడుతూ నడవాలి

బస్సు డిపోలో తాళాలు అప్పజెప్పి సంతకం పెడుతుండగా డ్రైవర్‌కి గుండెపోటు వచ్చింది. తోటివాళ్లు చేతుల మీద మోసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చబట్టి బతికాడు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. వార్డులోకి తెచ్చాక ఆయన అన్న మొదటి మాట, "నయం, బండిలో జనం లేరు."

ఇరవై ఎనిమిదేళ్లు స్టీరింగు ముందు కూర్చున్న మనిషి ఇంటికొచ్చి మంచమెక్కాడు. ఎక్కించింది ఆయన భార్య. ఆమె ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆయన కాలు కింద పెట్టిన అలికిడి వినిపిస్తే చాలు, మిషను ఆపి లేచొచ్చేది.

"ఏం కావాలి? నన్ను పిలవచ్చుగా."

"మంచినీళ్లు."

"మీరు కూర్చోండి. నేను లేనూ?"

ఆమె తమ్ముడు చూడ్డానికొచ్చి, "రాజభోగం నీదే బావా. నాకూ ఒక స్టెంటు వేయించరాదూ," అన్నాడు. అక్క చూసిన చూపుకి నాలుక కరుచుకుని క్రికెట్టు సంగతి ఎత్తుకున్నాడు.

నిజానికి ఆయనకీ లేవాలని లేదు. భయం. రోజంతా కుడిచేతి వేళ్లు ఎడమచేతి నాడి మీదే ఉండేవి. రెండు మెట్లు దిగితే గుండె కాస్త వేగం అందుకునేది. అంతే, చెమటలు పట్టి వెనక్కొచ్చేసేవాడు. ఐదు వారాలకి పిక్కలు చిక్కిపోయాయి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. "చూశారా, నీరసం ఇంకా తగ్గనే లేదు," అని ఆమె తల కింద ఇంకో దిండు పెట్టింది.

పరీక్షకి వెళ్లినప్పుడు డాక్టరు మొదట ఆయన కాళ్లు చూశాడు, తర్వాత ఆమె ముఖం చూశాడు.

"రోజూ నడవమని కాగితం మీద రాసిచ్చానే."

"మేం మందుల వరకే చదివామండీ," అంది ఆమె.

డాక్టరు వాళ్లని కింది అంతస్తులో వ్యాయామం చేయించే గదికి పంపాడు. అక్కడి అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ఆయన ఛాతీకి తీగలు అంటించి నడక మిషను ఎక్కించింది. ఆయన రెండు చేతులతో పక్క కడ్డీల్ని బిగబట్టాడు.

"గుండె వేగం పెరుగుతోందమ్మా."

"పెరగాలండీ. కాళ్లు పనిచేస్తుంటే వాటికి రక్తం ఎక్కువ కావాలి కదా."

"మళ్లీ ఏమైనా అయితే?"

"తెర మీద నేను చూస్తూనే ఉన్నాగా. గుండె కూడా కండరమే డ్రైవర్ గారూ. కొంచెం కొంచెంగా పని చెబితే గట్టిపడుతుంది. ఒక్కసారి కొట్టుకుంటేనే ఎక్కువ రక్తం పంపుతుంది. అప్పుడు మీరు ఊరికే కూర్చున్నప్పుడు అన్నిసార్లు కొట్టుకోనక్కర్లేదు. రక్తనాళాలు బిగుసుకుపోకుండా ఉంటాయి, బీపీ అదుపులో ఉంటుంది. ఇక పిక్కలు. అడుగేసినప్పుడల్లా కింది రక్తాన్ని పైకి నెడతాయవి. మీరేమో వాటికి ఐదు వారాలు సెలవిచ్చేశారు."

"జీతం లేని సెలవమ్మా," అన్నాడాయన. ఆసుపత్రి నుంచి వచ్చాక భార్య ఆయన నవ్వడం చూసింది అప్పుడే.

వెళ్లేముందు ఆ అమ్మాయి ఇద్దరికీ చెప్పింది. "ఇంటి దగ్గర మాట్లాడుతూ నడవండి. మాట తెగకుండా వస్తుంటే వేగం సరిపోయినట్టు. ఆయాసంతో మాట మధ్యలో ఆగిందంటే తగ్గించాలి. ఛాతీలో నొప్పిగానీ బరువుగానీ అనిపిస్తే అక్కడే ఆగిపోవాలి, తగ్గినా సరే వచ్చి చెప్పాలి."

తోడుగా తనే వెళ్తానంది భార్య.

మొదటి వారం వీధి మలుపు దాకా నడిచారు. మూడో వారానికి పోస్టాఫీసు వైపు ఎత్తెక్కడం మొదలుపెట్టారు. మాట్లాడమంటే ఆయనకి అడ్డేముంది? చిల్లర కోసం కండక్టరుతో మూడు స్టాపులు పోట్లాడిన పెద్దాయన, నిద్రపోయి డిపో దాకా వచ్చేసిన పెళ్లికొడుకు, ఒక్కొక్కరూ ఆయన కబుర్లలోంచి బయటికొచ్చారు. సమంగా ఉన్న దారిలో ఆమె ఊఁ కొట్టేది. ఎత్తు మొదలయ్యాక అదీ ఉండేది కాదు. విని విని విసుగొచ్చిందేమో అనుకున్నాడు.

ఎత్తు సగంలో ఒక చెప్పుల దుకాణం ఉంది. ఆమె రోజూ దాని అద్దాల ముందు ఆగేది.

"రోజూ చూసే బదులు ఒక జత కొనుక్కోరాదూ?"

"ఊరికే చూస్తున్నా. మీరు పదండి."

ఒకరోజు వాళ్లు వెళ్లేసరికి ఆ దుకాణం షట్టరు వేసి ఉంది. అయినా ఆమె ఆగింది. మూసిన షట్టరు వైపు తిరిగి నిలబడింది. చెప్పుకొస్తున్న కబురు ఆయన నోట్లోనే ఉండిపోయింది. దగ్గరికెళ్లి చూస్తే ఆమె చేయి దవడ కింద ఉంది, పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"ఏమైంది?"

"ఏం లేదు. మీరు ఆగకండి."

"నా సంగతి తర్వాత. ముందు ఈ మెట్టు మీద కూర్చో."

కూర్చుంది. కాసేపటికి ముఖంలోకి రంగు వచ్చింది.

"ఎత్తెక్కితే ఛాతీలో బరువుగా ఉంటుంది. దవడ లాగుతుంది. నిలబడితే పోతుంది. పోతోంది కదా అని..."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీకు గుండెపోటు రాకముందు నుంచే."

ఆయనకి కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "చెప్పొద్దూ?"

"ఎవరికి చెప్పను? మీరు చూస్తే మంచంలో. ఇద్దరం పడుకుంటే వీధి తలుపు తీసేదెవరు?"

ఎదురుగా వాళ్ల డిపో బస్సే వస్తోంది. ఆయన రోడ్డు మీదికి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటన్నా, ఇక్కడ స్టాపు లేదుగా," అన్నాడు లోపలి డ్రైవరు.

"ఇవాళ ఉంది. మీ వదినకి బాగాలేదు. ఆసుపత్రి దగ్గర దింపు."

అతను వెంటనే తలుపు తీశాడు. ముందు సీట్లో ఉన్నావిడ తనంతట తనే లేచి చోటిచ్చింది.

ఆమెకి గుండెలో రెండు రక్తనాళాలు సన్నబడ్డాయి. అందులో ఒకటి దాదాపు మూసుకుపోయింది. "గుండెపోటు రాకముందే పట్టుకున్నాం," అన్నాడు డాక్టరు. మర్నాడే స్టెంట్లు వేశారు. స్పృహలోనే ఉన్న ఆమె సగం కుట్టిన యూనిఫారాల గురించి బెంగపడింది. తమ్ముడు వాటిని వేరే దర్జీకి అప్పగించి వచ్చానని చెబితే, "వాడి కాజాలు వంకర," అని కళ్లు మూసుకుంది.

రెండు వారాల తర్వాత ఆమెని కింది గదికి తీసుకెళ్లింది ఆయనే. ఆ అమ్మాయి సైకిలు చూపించింది.

"ఇన్నేళ్లుగా మిషను తొక్కుతూనే ఉన్నాగా, ఇదెందుకు?"

"అది పాదాలకే సరిపోయిందమ్మా. దీనికి తొడలు కూడా పనిచేయాలి."

ఆమె సీటెక్కి కూర్చుందిగానీ కాళ్లు కదపలేదు. ఆయన దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మొదటిరోజు నాకూ భయమేసింది. నీకు చెప్పలేదు."

"తెలుసు. ఆ కడ్డీలు వంగిపోతాయేమో అనుకున్నా," అంది ఆమె. నెమ్మదిగా తొక్కడం మొదలుపెట్టింది.

నాలుగు నెలలకి డిపోవాళ్లు ఆయన్ని మళ్లీ పరీక్షించారు. గుండె బాగానే ఉందన్నారు. జనం ఎక్కే బండి మాత్రం ఇవ్వలేదు. కొత్త డ్రైవర్లకి నేర్పే పనిలో వేశారు. రెండు రోజులు ఆయన అలిగి ఇల్లు కదల్లేదు. మూడో రోజు పొద్దున ఆమె ఆయన బూట్లు తెచ్చి ముందు పెట్టింది.

"అలిగినంతసేపూ నడిచుంటే ఈపాటికి ఊరు దాటేవారు."

ఆయన బూట్లు తొడుక్కుని డిపోకి బయల్దేరాడు.