డాక్టరుగారికి మేమిచ్చిన నిమిషాలు

అక్షర దోషాలుంటే మన్నించండి. బైబిలు నా అంతట నేనే చదువుకోవాలనే పట్టుదలతో యాభై దాటాక అఆలు దిద్దినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ రాసేసరికి పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారిపోతుంది. అయినా ఈ సంగతి నేనే రాస్తానని మా అమ్మాయితో పంతం వేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒకచోట కూర్చోబుద్ధి కాదు.

అది 1983, ఏడేళ్ళ కిందటి మాట. అప్పుడు మేము న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోకి కొంత దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా అమ్మాయి లూసీ ఆస్పత్రిలో నర్సు. అల్లుడు సామ్యూల్ మందుల కంపెనీలో కెమిస్టు. మనవరాలు ఉషాకి ఉబ్బసం. మా అపార్ట్‌మెంట్ల వెనకే ఒక రంగుల ఫ్యాక్టరీ ఉండేది. గాలి మా వైపు తిరిగిన రోజున ఉషా బడి నుంచి వచ్చి మెట్ల మీదే కూలబడిపోయేది. "అమ్మమ్మా, ఎయిర్ రావట్లేదు" అనేది. ఆ మాట వింటే నాకే ఊపిరి ఆగినట్టుండేది.

ఆ ఫ్యాక్టరీ వాళ్ళు రెండో చిమ్నీ కట్టుకుంటామని టౌన్ బోర్డును అడిగారు. బోర్డు మీటింగు పెట్టి ఊరందరి మాటా వింటానంది. ఊళ్ళో పిల్లల ఉబ్బసం మీద అంతకుముందే ఒక రీసెర్చ్ జరిగింది. చేసినవాళ్ళలో మన తెలుగాయన, డాక్టర్ దక్షిణామూర్తిగారు ఒకరు. అందులోంచి కంపెనీ ఒక్క ముక్క తీసి పేపర్లో వేయించింది. గ్యాస్ స్టవ్ మీద వేపుళ్ళూ తాలింపులూ చేసే ఇళ్ళలో ఉబ్బసం ఎక్కువట!

సామ్యూల్ అది చదివి వినిపిస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా పోపు గరిటె వాళ్ళ చిమ్నీ కంటే పెద్దదా?" అన్నాను.

"మీ పోపు ఘాటుకి నాకే దగ్గొస్తుంది అత్తయ్యా, వాళ్ళనేమంటాం?"

"అయితే నువ్వూ పోయి వాళ్ళ పార్టీలో చేరు నాయనా!"

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక లూసీ పిలిస్తే డాక్టరుగారు మా చర్చి బేస్‌మెంట్‌కి వచ్చారు. ఆయన మొహం వాడిపోయి ఉంది.

"మా రిపోర్ట్ చెప్పింది అది కాదమ్మా. మొత్తం ఎక్స్‌ప్లెయిన్ చేయాలంటే పావుగంటైనా కావాలి. కంపెనీకి అరగంట ఇచ్చారు. మనకి తలా మూడు నిమిషాలే."

"ఒకరి టైము ఇంకొకరికి ఇచ్చేయొచ్చు డాక్టరుగారూ," అంది లూసీ. "టౌన్ ఆఫీస్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. కాకపోతే ఎవరికి వాళ్ళు లేచి, నోటితో చెప్పాలి."

అంతే! మా స్త్రీల సమాజమంతా లేచి నిలబడింది. ఇంగ్లీషు రానివాళ్ళం కూడా మేమొస్తామంటే మేమొస్తామన్నాం. చెప్పాల్సింది ఒక్క వాక్యమే: "ఐ గివ్ మై టైమ్ టు ది డాక్టర్." దాన్ని కంఠత వాక్యంలాగే బట్టీ పట్టాం. మా పక్కింటి వసంతకుమారి చపాతీలు ఒత్తుతూ వల్లించేది. పాస్టర్ దైవాశీర్వాదంగారు సండేస్కూలు పిల్లల్ని అడిగినట్టు మమ్మల్ని వరసగా నిలబెట్టి అప్పజెప్పించుకున్నారు.

మీటింగు బడి జిమ్‌లో పెట్టారు. కూర్చోవడానికి కుర్చీలు చాలలేదు. కంపెనీ ఆయన నవ్వుతూ, తీరిగ్గా అరగంటా మాట్లాడాడు. తెర మీద మూకుడు బొమ్మ కూడా వేసి చూపించాడు.

తర్వాత మా వంతు. వసంతకుమారి ముందు లేచింది. వాక్యం తప్పులేకుండా చెప్పింది. చెప్పి, చర్చిలో అలవాటు కదా, చివర "ఆమేన్" అనేసింది. మేమంతా గట్టిగా "ఆమేన్" అన్నాం. బోర్డు పెద్దగా కూర్చున్న తెల్లజుట్టు దొరసాని ఉలిక్కిపడింది. తర్వాత లేచిన ప్రతి మనిషీ అంతే. నాలుగో ఆమేన్‌కి వెనక బెంచీల తెల్లవాళ్ళు కూడా అందుకున్నారు!

నా వంతు వచ్చింది. లేచాను. వాక్యం ఒక్క ముక్క గుర్తు లేదు. లూసీ ఒళ్ళో ఉషా నన్నే చూస్తోంది. ఇక తెలుగులోనే డాక్టరుగారి వైపు చెయ్యి చూపించి, "అమ్మా, నా టైమంతా ఆయనకే" అన్నాను.

దొరసాని నా వైపు వంగి, "ఆమేన్?" అని అడిగింది.

"ఆమేన్!" అన్నాను. జిమ్మంతా నవ్వులు.

డాక్టరుగారు లేచారు. ఆయన ఇంగ్లీషును సామ్యూల్ నా చెవిలో తెలుగు చేశాడు. "వంటింటి పొగ పిల్లలకి మంచిది కాదు. అది మేం రాసిందే," అని మొదలుపెట్టారు.

వసంతకుమారి నన్ను మోచేత్తో పొడిచింది. "మన టైము తీసుకుని మననే అంటాడేంటక్కా! నా మూడు నిమిషాలు తిరిగి అడుగుతా!"

"కూర్చో, ఇంకా అయిపోలేదు," అన్నాను గానీ, తర్వాతేమంటున్నారో త్వరగా చెప్పమని సామ్యూల్‌ని తట్టాను.

"కంపెనీ అక్కడితో చదవడం ఆపేసింది," అన్నారు డాక్టరుగారు. "తర్వాతి పేజీలో ఇంకోటి ఉంది. వేపుడు పొగ లేని ఇళ్ళను విడిగా తీసి చూశాం. ఆ ఇళ్ళలోనూ ఫ్యాక్టరీ పక్క పిల్లలకే ఉబ్బసం ఎక్కువ."

కంపెనీ ఆయన లేచి, "చిమ్నీయే కారణమని మీరు ఖాయంగా రాయలేదు కదా?" అన్నాడు.

"రాయలేదు. స్టవ్వే కారణమనీ రాయలేదు. అది మాత్రం మీకెలా ఖాయమైంది?"

జిమ్ము హోరెత్తిపోయింది. గొడవ సద్దుమణిగాక డాక్టరుగారు బోర్డు వైపు తిరిగారు. "స్టవ్ సంగతి మేం ఇళ్ళల్లో చూసుకుంటాం. చిమ్నీ సంగతి మీరు చూడండి."

దొరసాని కంపెనీ ఆయన్ని ఆ తర్వాతి పేజీ పైకి చదవమంది. ఆయన చదివాడు, ఈసారి నవ్వకుండా. చేతులెత్తి ఓట్లేశారు. ఉన్న చిమ్నీకి వడపోత పెట్టి, ఊరి గాలి కొలిచి చూపించేదాకా రెండోదానికి పర్మిషన్ లేదన్నారు. నేను లూసీని వాటేసుకున్నాను. వసంతకుమారి ఎవరో తెలియని అమెరికా ఆవిడని వాటేసుకుంది.

మర్నాడు మంచు పడుతున్నా స్వెటరేసుకుని, కిటికీ బార్లా తెరిచి పోపు పెట్టాను. ఫోన్ మోగింది.

"కిటికీ తీశావా అక్కా?" వసంతకుమారి.

"తీశాను. నువ్వు?"

"తీశాను. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. మాటిచ్చేశాడుగా మహానుభావుడు!"

ఉన్న చిమ్నీకి వడపోత పెట్టారు; మేము ఆ ఊరు వదిలేదాకా రెండోది లేవలేదు. ఇన్‌హేలర్ ఇప్పటికీ ఉషా సంచిలోనే ఉంటుంది. కానీ ఆ చలికాలం దాటాక ఒక సాయంత్రం, గాలి మా వైపే వీస్తుండగా, ఉషా మెట్ల మీద ఆగకుండా పైకి పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు కొట్టింది. ఆ చప్పుడు నేను ఎప్పటికీ మర్చిపోను.

నేలటూరి కరుణమ్మ, వయసు అరవై రెండు. ప్రస్తుతం నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో, లూసీ ఇంట్లో ఉంటున్నాను.