డ్యూటీ దిగని సామేలు

తార్నాకలో గ్రేస్ టీచర్ రోజూ పొద్దున్నే రెండు టీలు పెడుతుంది, ఒకటి తనకు, ఒకటి వాళ్ల నాన్నకు. రిటైరై చాలా ఏళ్లయిన ఆవిడకు ఎనభై నాలుగేళ్లు. వాళ్ల నాన్న సామేలుకు ఇరవై ఆరు.

కాకినాడ నుంచి వెళ్లి సరుకు ఓడలో బాయిలర్‌కి బొగ్గు వేసే పనిలో చేరాడు సామేలు. గ్రేస్ ఒళ్లో పిల్లగా ఉన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధంలో టార్పెడో తగిలి ఆ ఓడ మునిగింది. ఆవిడ రిటైరైన ఏడాది వానాకాలంలో ఆయన అదే వయసుతో సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి, దారి అడుక్కుంటూ ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి ఇక్కడే.

"టీచరమ్మా, మీ నాయిన చిల్లర మర్చిపోయి పోయిండు," అంటూ కిరాణా కొట్టు భూదేవి పిలిచి ఇస్తుంటుంది.

యుద్ధంలో పోయిన సరుకు ఓడల నావికుల కుటుంబాలకు పరిహారం ఇస్తామని మొన్నామధ్య ప్రభుత్వం ప్రకటించింది. యూనివర్సిటీలో ఒక హాల్లో విచారణ పెట్టారు. తండ్రీకూతుళ్లు ఆటోలో వెళ్లారు.

సుదర్శన్ అనే ఆఫీసరు కాగితాలు చూసి, సామేలు వంక చూశాడు.

"మేడమ్, పరిహారం చచ్చిపోయినోళ్లకే. ఈయన గీడనే కూసున్నడు గదా. పైగా నావికుడు కాదు, బొగ్గేసే కూలీ."

వరసలో వెనకున్న మల్కాజ్‌గిరి అమల ఆ మాట విని లేచింది. ఆమె తాత ఇమ్మానుయేల్ కూడా అలాంటి ఓడలోనే పోయాడు. సాక్ష్యం లేదని అప్పటికే ఆమెను రెండుసార్లు తిప్పి పంపారు. ఇక లాభం లేదని సంచీ సర్దుకుంటోంది.

గ్రేస్ మాత్రం కదల్లేదు.

"ఓడ మునిగిన రోజే ఈయన జీతం ఆపేశారండీ. మా అమ్మ వెళ్లి అడిగితే, ఓడే లేనప్పుడు పనెక్కడిదన్నారు. నన్ను చంకనేసుకుని ఇళ్లల్లో అంట్లు తోమింది. చచ్చిపోయాడంటారా, పరిహారం రాయండి. బతికున్నాడంటారా, ఆ రోజు నుంచి జీతం రాయండి. రెండూ కాదంటే నేనిక్కడి నుంచి లేవను."

"గట్ల దబాయిస్తే ఎట్లమ్మా?"

"ఎనభై ఏళ్లు బతిమాలాం. ఇక దబాయింపే."

సుదర్శన్ సామేలు వైపు తిరిగాడు. "నీ డ్యూటీ అయిపోయిందని ఎవరన్న చెప్పిండ్రా?"

"లేదండి," అన్నాడు సామేలు. "బాయిలరు దగ్గరే ఉండమన్నారు. నీళ్లొచ్చాయి. అయినా ఉన్నాను."

సుదర్శన్ పెన్ను తీసి 'కూలీ' అన్న మాట కొట్టేసి, 'నావికుడు, నేటికీ విధుల్లో' అని రాశాడు. పక్కనున్న గుమాస్తా ఏదో అనబోతే చేత్తోనే ఆపేశాడు.

"జీతమే రాస్తున్న, మేడమ్. పైనోళ్లు అడిగితే నేను చెప్పుకుంట."

సంచీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లిన అమల ఆగిపోయింది. క్యాంపస్ రోడ్డు వైపు తిరిగి, గొంతెత్తి పిలిచింది.

"ఇమ్మానుయేల్ తాతా!"

బస్‌స్టాపు దగ్గర్నుంచి ఒక కుర్రవాడి గొంతు పలికింది.

"వస్తున్నానమ్మా!"