చిగురేసే కంచె

తెల్లారగానే అల్లుడి మొదటి పని కోళ్ళనీ కుందేళ్ళనీ విడదీయడం. రాత్రిళ్ళు అవన్నీ ఒకే షెడ్డులో ఉంటాయి. పైన అడ్డకర్రల మీద కోళ్ళు, కింద చెక్కపెట్టెల్లో కుందేళ్ళు, రెట్ట కుందేళ్ళ వీపుల మీద పడకుండా మధ్యలో ఓ రేకు. ముందు కోళ్ళని బయటికి తోలి దాణా పొయ్యాలి. అవి గింజ మిగల్చకుండా తిన్నాకే కుందేళ్ళ తలుపు తియ్యాలి. కోడి దాణా తింటే కుందేలుకి కడుపు ఉబ్బుతుంది. మధ్యాహ్నానికి అన్నీ ఒకే దొడ్లో కలిసి తిరుగుతాయి. ఒక్క పుంజుకి మాత్రం కుందేళ్ళ చెవులంటే పడదు. దాని వెంట పరిగెత్తడంతోనే అతనికి సగం పూట గడిచిపోయేది.

రెండో పని కంచె కత్తిరించడం.

మావగారి కంచె ఇనప తీగది. ఎప్పుడో ఊరకుక్కలు దూరి ఒక్కపూటలో దొడ్డంతా పొట్టన పెట్టుకుంటే, ఆయన పంతం పట్టి దాన్ని నాటారు. పాతారు అనరెవరూ, నాటారనే అంటారు. ఎందుకంటే అది పెరుగుతుంది. వానలు మొదలైతే కణుపు కణుపుకీ సన్నటి మెత్తటి తీగలు తొడుగుతుంది. రోజూ కటింగ్ ప్లయర్‌తో కత్తిరించకపోతే గేటుని అల్లుకుపోతుంది. గుడ్లు కొనడానికొచ్చే ఆయన దాన్ని కూరపాదుని చూసినట్టే చూసి, "ఈ ఏడు మీ కంచె ఏపుగా ఉందే!" అనేవాడు.

పెళ్ళికి ముందు అల్లుడు బస్సు నడిపేవాడు. "ఒక్కగానొక్క పిల్ల. కొన్నాళ్ళు మా దగ్గరే ఉండండి" అన్నారు మావగారు. పెళ్ళి కూడా ఆ దొడ్లోనే జరిగింది. ఆ కొన్నాళ్ళకి తుది లేకుండా పోయింది. ఇప్పటికీ నిద్రలో అతని కుడికాలు బ్రేకు తొక్కుతుంది. భార్య కాస్త పక్కకి జరిగి పడుకుంటుంది.

ఆ వానాకాలంలో ఓ రోజు గుడ్లాయన గేటు దగ్గర ఆగి చెప్పాడు.

"డిపోలో డ్రైవర్లని తీసుకుంటున్నారయ్యా. మేనేజరు నిన్నే అడిగాడు. సోమవారం వచ్చి కనబడమన్నాడు."

ఆ పూట అన్నాల దగ్గర అల్లుడు మాట కదిపాడు.

"మావయ్యా, సోమవారం డిపోకి వెళ్ళొస్తాను."

"వెళ్ళు, ఎవరు కాదన్నారు? నువ్వేమన్నా కట్టేసిన గొడ్డువా?" అన్నారు మావగారు, కంచంలోంచి తల ఎత్తకుండానే.

మర్నాడు చూస్తే, రోజూ తగిలించే మేకుకి కటింగ్ ప్లయర్ లేదు.

"ఎక్కడ పెట్టావో చూసుకో అల్లుడూ. వయసులో ఉన్నవాడివి, నీకే గుర్తులేకపోతే నాకేం గుర్తుంటుంది?" అన్నారాయన. అని, బిందె భుజాన పెట్టుకుని వెళ్ళి గేటు మొదట్లో నీళ్ళు పోశారు. ఆకాశానికి చిల్లు పడినట్టు వాన కురుస్తూనే ఉంది.

ఆదివారానికి గేటు కనబడకుండా పోయింది. అల్లుడు చేతుల్తోనే తీగలు పీకాడు. ఒకటి పీకితే దాని పక్కన ఇంకోటి మొలిచేది. అరచేతులు చీరుకుపోయాయి. భార్య పాతగుడ్డ తడిపి తెచ్చి కట్టు కట్టింది.

"నాన్న నన్ను బడిలో వేస్తానన్న ఏడు కూడా ఇలాగే పోయిందండీ, ఆ ప్లయర్" అంది.

"మరి ఆ తర్వాత?"

"తర్వాతేముంది. కోళ్ళు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ తనొక్కడే లోపలున్నాననుకున్నాడు. తను రాకముందు ఆమె అక్కడ ఎన్నేళ్ళుందో ఒక్కసారీ లెక్కేసుకోలేదు.

సోమవారం వచ్చింది, పోయింది. గుడ్లాయన కంచె మీంచి తాడుతో బుట్ట దింపి గుడ్లు పైకి లాక్కుంటూ, "ఆ బండి వేరేవాడికి ఇచ్చేశారయ్యా" అని చెప్పాడు. అల్లుడు సరేనని కుందేళ్ళకి షెడ్డులో గడ్డి ఆరబెట్టడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి కంచె వైపు చూడటం మానేశాడు. పుంజు కుందేలు చెవి పొడుస్తున్నా లేవలేదు.

వానలు వెనకపట్టాక ఓ పొద్దున మావగారు దొడ్లో ఉన్నపళంగా కూలబడ్డారు. కంచె నిండా చిలుమురంగు మొగ్గలు.

"పూసింది. వెదురులాంటిదే ఇదీ. పూసిందంటే ఆయుష్షు తీరినట్టే" అన్నారు.

పూత రాలి, గింజ కట్టేసరికి తీగ బెరడు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఓ మధ్యాహ్నం గాలికి కంచె మొత్తం పొడిపొడిగా నేలమీదికి జారిపోయింది. చుట్టూ పొలాలు, వాటి మధ్య తారురోడ్డు, అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. కోళ్ళు కంచె ఉన్న జాడ దాకా వెళ్ళి ఒక కాలెత్తి అలాగే నిలబడ్డాయి. కుందేళ్ళు ముక్కులు ఆడిస్తూ ఆగిపోయాయి. అల్లుడూ అక్కడిదాకా వెళ్ళి ఆగాడు. ఆపేవాళ్ళు లేరు, అయినా కాలు పడలేదు. తనమీద తనకే సిగ్గేసింది.

మావగారు వంగి వంగి గింజలన్నీ తువ్వాల్లోకి ఏరారు. నల్లగా, ఆవాలంత ఉన్నాయి. మూట అతని ముందు పెట్టి, పరుపు కింది నుంచి కటింగ్ ప్లయర్ తెచ్చి దాని మీద పెట్టారు.

"ఈసారి నువ్వు నాటు అల్లుడూ. ఇక ఇదీ నీ దగ్గరే ఉంచుకో. నాకు ఓపిక లేదు. ఈ దొడ్డికి ఇక నువ్వే పెద్దదిక్కు."

అల్లుడి చెయ్యి ముందుకి వెళ్ళింది. ఇన్నాళ్ళకి అడగకుండానే ఒకటి తనదని ఇచ్చారు.

"ఇటివ్వండి" అని భార్య మూట అందుకుంది. విప్పి, గుప్పిట నిండా తీసి, రోజూ దాణా జల్లినట్టే జల్లింది. కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ వచ్చి పడ్డాయి. రాళ్ళే అరిగించుకునే కందనకాయకి ఇనప గింజలొక లెక్కా!

"అమ్మాయ్! అవి మళ్ళీ దొరకవే!" మావగారు కేక పెట్టారు.

"తెలుసు నాన్నా."

తువ్వాలు దులిపింది. గింజ మిగల్లేదు. దాన్ని మడిచి తండ్రి భుజం మీద వేసి, కాసేపు ఆ భుజం మీదే చెయ్యి ఉంచింది. ఆయన కోళ్ళ వైపే చూస్తూ ఉండిపోయారు.

"డిపోకి ఎటు వెళ్ళాలండీ?" అని భర్తనడిగింది.

"ఆ ఉద్యోగం పోయింది కదే."

"పోతే పోనీండి, ఇంకోటి అడగండి. నేనింతవరకూ బస్సెక్కలేదు."

ఆమె కంచె జాడ దాటింది. వెనకే అతనూ దాటాడు. రోడ్డు మీద ఎక్కువసేపు నిలబడక్కర్లేకపోయింది. బస్సు ఆగింది. మెట్టు ఎత్తుగా ఉందని అతను చెయ్యి అందించబోయేలోపే, ఆమె ఎక్కేసింది.