ఇనప దండెం

పటమటలో మార్తమ్మ ఇంటికి కరెంటూ, కోడలు హన్నా ఒకే ఏడు వచ్చాయి. రెండింటివల్లా ఇల్లు వెలిగిందని మార్తమ్మ వాడంతా చెప్పుకుంది, ఆ పిల్ల దండెం దగ్గర పేచీ పెట్టేదాకా.

పెరట్లో బట్టలారేసే దండెం ఇనప తీగ. ఒక కొస కర్ర గుంజకూ, రెండో కొస పెరటి దీపానికి వైరు వెళ్ళే ఇనప గొట్టానికీ కట్టి ఉంది. తడిబట్ట వేయబోతే తీగ జివ్వుమంటోందని హన్నా చెప్పింది. మార్తమ్మ వెళ్ళి తీగను గుప్పిట పట్టుకుంది. ఏమీ లేదు. మర్నాడూ అదే మాట, అదే పరీక్ష.

"నన్నేమీ అనని తీగ నిన్నే కరుస్తుందా? దానికి నీతో ఏం పగ?" అని ఎత్తిపొడిచింది.

హన్నా ఆ రోజునుంచి బట్టలు గోడమీద ఆరేయసాగింది. కొడుకు ఆమోసు ఆఫీసు చొక్కాకు సున్నం అంటుకునేసరికి మార్తమ్మకు ఒళ్ళు మండింది. పని తప్పించుకుంటే తప్పించుకుంది, దానికి అబద్ధం కూడానా? ఆదివారం ఇంట్లో ప్రార్థన అయ్యాక పిల్లను గన్నవరంలో పుట్టింట దింపి రమ్మని ఆమోసుతో చెప్పింది. హన్నా పెట్టె సర్దుకుంది.

మడమలు పగిలినప్పటినుంచి మార్తమ్మ ఇంట్లో కూడా హవాయి చెప్పులు విడిచేది కాదు. ప్రార్థనకు మాత్రం అందరితోపాటు గుమ్మం బయట విడిచింది. కూటం ముగిసి ఆడవాళ్ళు టీ తాగుతుంటే, పొద్దున తాను ఆరేసిన తువ్వాలు తెద్దామని పెరట్లోకి వెళ్ళింది. ఉతికిన చోట నేలంతా తడి. ఆ తడిలో ఉత్తకాళ్ళతో నిలబడి తీగమీద చెయ్యి వేసింది.

మోచేతిదాకా జివ్వుమంది.

చెయ్యి విదిలించుకుని తీగవంకా, తన కాళ్ళవంకా చూసుకుంది. వెళ్ళి చెప్పులు తొడుక్కొచ్చి, భయం భయంగా వేలి వెనకవైపుతో తాకింది. ఏమీ లేదు. ఒక కాలు తీసి తడిలో పెట్టింది. మళ్ళీ జివ్వుమంది. తీగలోని కరెంటు తన ఒంట్లోంచి నేలలోకి దిగిపోతోంది. ఆ దారికి ఇన్నాళ్ళూ తన రబ్బరు చెప్పులే అడ్డుపడ్డాయి. కోడలికి చెప్పులు లేవు. కొనిపెట్టాలని ఎవరికీ తోచలేదు.

లోపలికొచ్చి ఆమోసును మెయిన్ ఆపమంది. తన నోటివెంట కోడలి మీద చాడీలు విన్న ఆడవాళ్ళముందే నిలబడింది.

"మా హన్నా చెప్పింది నిజమేనమ్మా. నా చెప్పులే నాకు అబద్ధం చెప్పాయి."

పక్కింటి ఎలిజబెత్ టీ గ్లాసు కింద పెట్టింది. "మరి గన్నవరం ప్రయాణమో, వదినా?"

"పెట్టె విప్పమని చెప్పు. నేను చెబితే బాగుండదు."

తలుపు వెనకనుంచి హన్నా నవ్వు వినబడింది.

ఆమోసు చూస్తే గొట్టం అంచున వైరు తొడుగు ఒరుసుకుపోయి రాగి బయటపడి ఉంది. వైరు మార్పించారు. మర్నాడు మార్తమ్మ వన్ టౌన్ వెళ్ళి దండేనికి కొబ్బరితాడూ, ఒక జత హవాయి చెప్పులూ తెచ్చింది.

"తాడు కట్టాక చెప్పులెందుకు అత్తయ్యా?" అంది హన్నా.

"తాడుకు కాదులే, నీ కాళ్ళకు. నాకులా మడమలు పగలకముందే వేసుకో."