తండ్రి పేరు: జగదాంబ

చిలకమ్మకు హిందీ రాదని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. పలాస నుంచి కొత్త కోడలిగా వచ్చి జంషెడ్‌పూర్‌లో రైలు దిగిన వారానికే బారిడీహ్ కూరగాయల బండివాడితో పోట్లాడి నెగ్గిన మనిషి. ఆ హిందీలో సగానికి సగం తెలుగే. ఆ సంగతి ఆమెకు తప్ప వీధిలో అందరికీ తెలుసు. పని జరిగిపోతోంది కనుక ఎవరూ దిద్దలేదు, దిద్దే ధైర్యమూ ఎవరికీ లేదు.

మనవరాలి బర్త్ సర్టిఫికెట్టు కోసం నగరపాలక ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు కూడా ఆమే ముందు నడిచింది.

"మీకేటి తెలుత్తాది? నాను రాకపోతే ఆల్లు మిమ్మల్ని రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతారు" అంది కొడుకుతో.

"ఠీక్ హై, చలో" అన్నాడు అమర్. వాడికి తల్లి తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబివ్వడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆదిత్యపూర్‌లో లేత్ మిషన్ మీద పని. ఆ పూటకు సెలవు పెట్టి వచ్చాడు, చంకలో పాప. వెనకాల కోడలు దేవి. దేవి పరాయిది కాదు, చిలకమ్మ సొంత తమ్ముడి కూతురు, మొగుణ్ణి మావా అనే పిలుస్తుంది. నోట్లో నాలుక లేని పిల్ల.

తొందర ఎందుకంటే, శనివారంతో బడి ఫారాలు ఆఖరు. ఆ ఊళ్ళో మంచి బడిలో చిన్న తరగతి సీటంటే లాటరీ. లాటరీలో పేరు రాకపోతే ఖర్మ అనుకోవచ్చు, ఫారమే తీసుకోకపోతే ఎవరిని తిట్టుకోవాలి? ఫారానికి సర్టిఫికెట్టు జత చెయ్యాలి. పాప పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు వివరాలు ఆఫీసుకు పంపారు గానీ, కాగితం తెచ్చుకోవాలన్న ధ్యాస ఇంట్లో ఎవరికీ కలగలేదు. టీకాలూ అవీ ఆసుపత్రి చీటీతోనే గడిచిపోయాయి.

కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా పేరు మోహిత్. కుర్రవాడు, కంప్యూటర్ మీద చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఆసుపత్రి చీటీ చూసి వివరాలు వెతికి, పిల్ల పేరు గడి ఖాళీగా ఉందన్నాడు. అది పెద్ద సంగతి కాదు, ఇప్పుడు రాయించుకోవచ్చట. తరవాత తల్లి పేరు దేవి అని చదివాడు. ఆ తరవాత ఆగి, అమర్ ఆధార్ కార్డు చూసి, మళ్ళీ తెర చూశాడు.

"పితా కా నామ్ జగదంబా హై. ఆప్ కౌన్?"

తెలుగువాళ్ళకు జగదాంబ అంటే అమ్మవారు, మరీ కాదంటే మేనత్త. అక్కడ అలా కాదు. జగదంబా ప్రసాద్‌లూ జగదంబా సింగ్‌లూ మీసాలు మెలేసుకుంటూ వీధికొకరు తిరుగుతుంటారు. మోహిత్ కళ్ళకు కాగితం మీద నిక్షేపంలాంటి మగవాడు కనిపించాడు.

అది పిల్ల పేరని అమర్ చెప్పాడు. మోహిత్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"అచ్ఛా" అన్నాడు గట్టిగా, లైనంతా వినేలా. "అంటే అసలు తండ్రి పేరే కూతురికి పెట్టుకున్నారన్నమాట."

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక పెద్దమనిషి దగ్గి మొహం తిప్పుకున్నాడు. దేవి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు అమర్ దేవి వైపు చూశాడు. ఎంతోసేపు కాదు, కనురెప్ప పాటు. ఆ పేరు తన తల్లి పట్టుబట్టి పెట్టిందేనని తెలిసినవాడే. అయినా చూశాడు, మగబుద్ధి. ఆ చూపు దేవీ చూసింది, చిలకమ్మా చూసింది. చిలకమ్మకు గుమాస్తా మీద ఎంత మండిందో కొడుకు మీద అంతకు రెట్టింపు మండింది.

తండ్రి పేరు మార్చాలంటే కోర్టు కాగితం తెండని మోహిత్ చీటీ వెనక్కి తోశాడు. కోర్టంటే శనివారం మాట దేవుడెరుగు, పై శనివారానికి కూడా తేలదు.

"కోర్టు లేదు, గీర్టు లేదు. నీ పెద్దసాబ్ కిదర్?" అంది చిలకమ్మ. జవాబు కోసం ఆగకుండా దేవి చెయ్యి పట్టుకుని పక్క గది తలుపు తోసింది. ప్యూను అడ్డం రాబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. పాపతో అమర్ కూడా వెనకే వెళ్ళాడు.

లోపల రిజిస్ట్రారు భానుప్రకాష్ నింపాదైన మనిషి. కేకలు వెయ్యకుండా కూర్చోమన్నాడు. అమర్ చెప్పిందంతా విని, ఆసుపత్రి పంపిన అసలు కాగితం తెప్పించాడు. వివరాలు చెప్పినవారు ఎవరన్న చోట వేలు పెట్టి తలెత్తాడు.

"చిలకమ్మ అంటే మీరేనా?"

"హా, హమ్ హీ."

"తండ్రి పేరు జగదంబా అని చెప్పింది మీరే కదమ్మా."

కోపమొస్తే చిలకమ్మ హిందీలో మిగిలిన సగమూ తెలుగైపోతుంది. "నానా? కన్నకొడుకు పేరు నాకు తెల్దేటి? కోడలు ఆపరేషన్ గదిలో ఉన్నాది, కొడుకు డ్యూటీలో ఉన్నాడు. ఆ కాయితాల పిల్ల నన్ను తల్లి పేరడిగింది, పిల్ల పేరడిగింది. సెప్పినాను. తండ్రి పేరు నన్నెవులూ అడగనేదు."

అమర్ అది హిందీలో చెప్పాడు. తండ్రి పేరు అడక్కుండా ఏ ఆసుపత్రీ కాగితం నింపదని భానుప్రకాష్ అన్నాడు. అడగలేదంటే అడగలేదంది చిలకమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆయన కాసేపు ఆలోచించి, కలం తీశాడు.

"సరే. వాళ్ళడిగినట్టే నేనూ అడుగుతాను, అప్పుడు చెప్పినట్టే చెప్పండి. మా కా నామ్?"

"దేవి."

"పాపా కా నామ్?"

"జగదాంబ" అంది చిలకమ్మ, తడుముకోకుండా.

అమర్ నుదురు కొట్టుకున్నాడు. భానుప్రకాష్ కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అమ్మా, పాపా అంటే బాప్" అన్నాడు అమర్. "పాపా మత్‌లబ్ నాన్న."

చిలకమ్మకు హిందీలో తండ్రంటే బాప్ ఒక్కటే. పాప అంటే పాపే. పాప కా దూద్, పాప కా గౌను, పాప కా దవాయీ అని ఆమె వీధి వీధంతా అరుస్తూనే ఉంది, కొట్లవాళ్ళు ఇస్తూనే ఉన్నారు. ఆసుపత్రి పిల్ల 'పాపా కా నామ్' అంటే, అచ్చం తన హిందీలోనే ఎంత చక్కగా అడిగిందని ఆవేళ మెచ్చుకుంది కూడా.

ఇప్పుడు కుందేలు నాలుగో కాలు కళ్ళ ముందు ఆడింది. చిలకమ్మకు సిగ్గేసింది. ఆమెకు సిగ్గెయ్యడం ఇంట్లోవాళ్ళు ఎన్నడూ చూడలేదు. దేవి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది, వదలాలో పట్టుకోవాలో తెలియలేదు.

అంతలోనే తేరుకుంది. "సాబ్, తప్పు సెప్పింది నాను. ఒప్పు కూడా నానే సెప్తాను, రాసుకో. పాప జగదాంబ. బాప్ అమర్."

భానుప్రకాష్ అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వు ఆగక. కోర్టు అవసరం లేదన్నాడు. ఆసుపత్రి చీటీలో దేవి పక్కన భర్త పేరు అమర్ అనే ఉంది. సంగతి తెలిసిన ఇద్దరు సంతకం పెడితే దిద్దే అధికారం తనకుందన్నాడు. ఒక సంతకం చిలకమ్మది. రెండోదానికి పక్కింటి బలరామ్‌కు ఫోన్ చేస్తే స్కూటర్ మీద వచ్చి పెట్టి వెళ్ళాడు. శుక్రవారం వచ్చి సర్టిఫికెట్టు తీసుకోమన్నారు.

ఆ రాత్రి వంటింట్లో చిలకమ్మ కోడలి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"నా నోటి వల్ల నీకెంత మాటొచ్చింది తల్లీ."

"నీ మాటకేటిలే అత్తా" అంది దేవి, చపాతీ ఒత్తుతూ. "మావ నా ఏపు అలా సూత్తాడనుకోనేదు." ఇంకో ఉండ తీసి ఒత్తసాగింది. ఏడిస్తే ఓదార్చడం చిలకమ్మకు తెలుసు. ఏడవని మనిషిని ఏం చెయ్యాలో తెలియక, పెనం మీద చపాతీ తనే తిరగేసింది. తిరగేస్తూ ఒక నిర్ణయానికి వచ్చింది.

శుక్రవారం నలుగురూ వెళ్ళారు. లైను ఆవేళ ఇంకా పెద్దది. మోహిత్ వాళ్ళను గుర్తుపట్టాడు. తల వంచుకుని వెతికి, సర్టిఫికెట్టు కిటికీ కింది నుంచి మెల్లగా జరిపి, "హో గయా మాజీ" అన్నాడు గొంతు తగ్గించి.

అమర్ చెయ్యి చాపాడు. చిలకమ్మ ఆ చేతిని పక్కకు నెట్టి, కాగితాన్ని కిటికీలోకే తిరిగి తోసింది.

"పఢో" అంది.

సరిగ్గానే ఉందన్నాడు మోహిత్. తీసుకోండి, వెనకాల జనం ఉన్నారన్నాడు.

"జనం ఉండాల. అందుకే సదవమంటన్నాను. అమరూ, ఈ బాబుకి సెప్పు. ఆవేళ ఈ పిల్లనన్నప్పుడు లైనంతా ఇన్నాది. ఇప్పుడు కూడా లైనంతా ఇనాల."

అమర్ తల్లి ముఖం చూశాడు, కాళ్ళ వైపు చూసుకున్నాడు, ఆ తరవాత ఆ మాటలను మాట పొల్లుపోకుండా హిందీలో చెప్పాడు. మోహిత్ చెవులు ఎర్రబడ్డాయి. చెడ్డవాడేం కాదు, నోటిదూల మనిషి, అంతే. లేచి నిలబడ్డాడు. కాగితం రెండు చేతులా పట్టుకున్నాడు.

"బచ్చీ కా నామ్, జగదాంబ. మాతా కా నామ్, దేవి."

"జోర్ సే" అంది చిలకమ్మ.

"పితా కా నామ్, అమర్." ఈసారి గుమ్మం దాకా వినిపించింది. తరవాత దేవి వైపు తిరిగి, "మాఫ్ కీజియే, దీదీ" అన్నాడు. అది ఎవరూ అడగలేదు, అతనే అన్నాడు.

దేవి ముందుకు వచ్చి సర్టిఫికెట్టు తీసుకుంది. వేలితో అక్షరాల వెంట వెళ్ళి, చివరి పేరు దగ్గర వేలు ఆపింది. ఆపి, మొగుడి వైపు తిరిగింది.

"లైనోల్లు ఇన్నారు. నువ్వు ఇన్నావా మావా?"

అమర్ పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఇన్నాను" అన్నాడు.