మూడు కోటు బొత్తాలు

నా మాట నమ్మేవాళ్ళు ఈ చుట్టుపక్కల ముగ్గురే మిగిలారు. అందులో ఒకాయనకి చెవుడు. నలభై ఏళ్ళు టైలరుగా కోట్లు కత్తిరించినవాణ్ణి కాబట్టి కోతలు నా వృత్తిలోనే ఉన్నాయని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఒక లావుపాటి మనిషి నడుం కొలవడానికి పొద్దున్న బయల్దేరితే చుట్టూ తిరిగి వచ్చేసరికి పొద్దుగూకిందనీ, టేపు రెండో కొస పట్టుకోవడానికి పక్కవీధి నుంచి మనిషిని పిలిపించాననీ చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది ఆ కోవలోది కాదు. నవ్వు వచ్చే చోట్లు ఇందులోనూ ఉన్నాయి. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అరవై రెండో ఏట డాక్టరు నా రిపోర్టులు చూసి, రోజూ పరుగెత్తి తీరాలన్నాడు. మనిషి పరుగెత్తాలంటే వెనక కుక్కైనా ఉండాలి, ముందు కదిలిపోతున్న బస్సైనా ఉండాలి, ఊరికే పరుగెత్తమంటే నావల్ల కాదన్నాను. అప్పుడు మా వియ్యంకుడు పార్కులో ఆడే డిస్కుల ఆట సంగతి చెప్పారు.

మా వియ్యంకుడు రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆయన కూతురే మా కోడలు. మాకు రెండు వీధుల అవతల ఉంటారు. మాట తక్కువ, శ్రద్ధ ఎక్కువ. ముప్పయ్యేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా తప్పు గుమ్మంలో వేయలేదు. దారిలో ఏ వస్తువు పడి ఉన్నా సరే, తీసి, అది ఎవరిదో కనుక్కుని చేతిలో పెట్టేదాకా ఆయనకి తోచదు. ఒకసారి చిన్నపిల్ల చెప్పు ఒకటి దొరికితే, దాని జత ఏ ఇంట్లో ఉందో తేల్చడానికి మూడు రోజులు వీధులన్నీ తిరిగారు. ఇది నా కోత కాదు, ఆ చెప్పు నేను చూశాను.

ఆట తేలికే. పార్కు పొడవునా తొమ్మిది ఇనుప బుట్టలు స్తంభాలకి బిగించి ఉంటాయి, వాటిపైన గొలుసులు వేలాడుతుంటాయి. చేతిలోని ప్లాస్టిక్ డిస్కుని విసరాలి, అది పడ్డచోటికి పోయి అక్కణ్ణించి మళ్ళీ విసరాలి, గొలుసులకి తగిలి బుట్టలో పడితే తర్వాతి బుట్టకి పోవాలి. మామూలుగా దీన్ని నడుస్తూ, కబుర్లాడుకుంటూ ఆడతారు. మా గుంపుది మాత్రం పరుగు ఆట. మొత్తం ఎన్ని విసుర్లు, ఎన్ని నిమిషాలు, రెండూ కలుపుతారు. ఎవరిది తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. నిమిషాలు చూడటానికి గుంపు నడిపే డ్రిల్లు టీచరమ్మ చేతిలో స్టాప్‌వాచీ ఉంటుంది. విసుర్లకి మాత్రం సాక్షి లేడు. ఎవరి లెక్క వాళ్ళే పెట్టుకోవాలి, చివర్లో పైకి చెప్పాలి, చెప్పిందే రాస్తారు. తప్పు చెప్పినట్టు తేలితే ఆ ఏడాదంతా ఆటకి దూరం.

నాకు పరుగులో అంకెలు గుర్తుండవు. పదకొండో పన్నెండో అనుకునేసరికి ఆయాసంలో పదమూడు కొట్టుకుపోతుంది. అందుకని ఒక ఉపాయం పన్నాను. నా నిక్కరు ఎడమ జేబులో యాభై కోటు బొత్తాలు పోసుకుంటాను. మట్టిరంగువి, పెద్దవి, పాత కోట్ల మీద మిగిలినవి. ఒక్కో విసురుకీ ఒక బొత్తాం ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ఆట అయ్యాక కుడి జేబు లెక్కపెట్టుకోవడమే. గుంపులో అందరికీ ఈ సంగతి తెలుసు. నేను పరుగెత్తుతుంటే గలగల శబ్దం వస్తుందని, ముందున్నవాళ్ళు వెనక్కి చూడకుండానే దారి ఇచ్చేవారు.

ఆటలో నేనూ మా వియ్యంకుడూ ఉత్తర దక్షిణాలం. నేను వేగంగా పరుగెత్తుతాను, అడ్డదిడ్డంగా విసురుతాను. ఆయన మెల్లగా పరుగెత్తుతారు, ఉత్తరం పెట్టెలో వేసినట్టు విసురుతారు. అలా ఏడాదిగా ఆడుతూ ఉండగా, పక్క పట్టణంలో అరవై దాటినవాళ్ళకి పోటీ పెట్టారని, ప్రతి గుంపు నుంచీ ఒక్కరినే పంపాలని కబురొచ్చింది. ఆదివారం పొద్దున్న పెట్టే ఆటలో నెగ్గినవారు వెళ్తారని టీచరమ్మ చెప్పింది.

మా గుంపులో అరవై దాటినవాళ్ళం మేమిద్దరమే.

నాకు ఆ పోటీ ఒక సరదా. ఆయనకి అలా కాదు. ఎడమ మోకాలికి అప్పటికే ఆపరేషన్ అయింది. కుడి మోకాలికి వచ్చే నెలలో. అది అయ్యాక నడవొచ్చు గానీ పరుగు మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు, మా కోడలు చెప్పింది. "నాన్న ఎప్పుడూ ఏదీ అడగలేదు మావయ్యా. ఈ ఒక్కటీ ఆడి ఆపేస్తానన్నారు" అంది. నేను తల ఊపాను. తల ఊపడానికి ఏం ఖర్చవుతుంది.

ఆదివారం వచ్చింది. ముందు నేను బయల్దేరాను, రెండు నిమిషాల తర్వాత అదే దారిలో ఆయన. ఆ రోజు నా కాళ్ళు కుర్రకాళ్ళయ్యాయి. నాలుగో బుట్ట దగ్గర గుబురులో పడ్డ డిస్కుని గాడిదలా దూరి తెచ్చుకున్నాను. ఆరో బుట్ట దగ్గర గలగల తగ్గినట్టనిపించింది గానీ, నా చెవులకే గాలి కొడుతోందనుకున్నాను. తొమ్మిదో బుట్టలో డిస్కు పడేసరికి ఇరవై ఏడు నిమిషాలు.

కుడి జేబులో చెయ్యి పెట్టాను. ముప్పై నాలుగు బొత్తాలు. సంతోషం పట్టలేక ఎడమ జేబులో మిగిలినవి కూడా వేళ్ళతో లెక్కపెట్టాను. పదహారు ఉండాలి. పదమూడే ఉన్నాయి. మళ్ళీ కుడి జేబులోకి చెయ్యి పోనిస్తే చూపుడువేలు జేబు అడుగు దాటి నా తొడకి తగిలింది. నలభై ఏళ్ళు లోకం జేబులన్నీ కుట్టినవాడి జేబుకి చిల్లు.

మూడు విసుర్లు నేలపాలయ్యాయన్నమాట. నా లెక్క ముప్పై ఏడు. ఇదంతా నాకు టీచరమ్మ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేలోపలే తెలిసిపోయింది. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు. ఆమె ఎన్ని అని అడిగింది. "ముప్పై నాలుగు" అన్నాను. నిమిషాలు కలిపి అరవై ఒకటని రాసుకుంది.

కాసేపటికి మా వియ్యంకుడు వచ్చారు. చెమటతో తడిసిపోయి, కుడి కాలు కొంచెం ఈడుస్తూ. ముప్పై రెండు విసుర్లు, ముప్పై ఒక్క నిమిషాలు, మొత్తం అరవై మూడు. టీచరమ్మ నా పేరు పైకి చదివి చప్పట్లు కొట్టింది. ఆయన గుప్పిట మూసుకుని నిలబడి ఉన్నారు. ఏదో చెప్పడానికి నోరు తెరిచినట్టే తెరిచి, నా వైపు చూసి, గుప్పిట అలాగే జేబులో పెట్టుకున్నారు. "బాగా ఆడారు బావగారూ" అన్నారు. నిజం కలిపితే నాది అరవై నాలుగు. ఒక్కటి తేడాతో గెలిచింది ఆయన.

ఇంటికి వెళ్ళి నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. చివరి బుట్ట దగ్గర నా డిస్కు దారి తప్పి పోతుంటే, ఒక కాకి ఎదురొచ్చి వీపుతో మలుపు తిప్పిందనీ, తిన్నగా గొలుసుల్లో పడిందనీ, ఆ కాకికి నేను వంగి దండం పెట్టాననీ చెప్పాను. మా ఆవిడ "ఆ కాకి కూడా మీలాంటిదే అయి ఉంటుంది" అంది. మా కోడలూ నవ్వింది. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

నాలుగు రోజుల తర్వాత కోడలు ఒక సంచి తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టింది. అందులో వాళ్ళ నాన్న పరుగు నిక్కరు ఉతికి, మడతపెట్టి ఉంది. "నాన్న మీకివ్వమన్నారు. ఆయనకి ఇక పనిలేదట. దీని జేబులకి జిప్పులున్నాయి, మ్యాచ్‌కి మీకు పనికొస్తుందన్నారు. నడుం దగ్గర కాస్త సరిచేసుకోమన్నారు" అని వెళ్ళిపోయింది.

నడుం సరిచేద్దామని విప్పితే కుడివైపు జేబులో ఏదో గట్టిగా తగిలింది. జిప్పు లాగాను. మూడు కోటు బొత్తాలు. మట్టిరంగువి.

కత్తెర పక్కన పెట్టాను. ఆయన నా వెనకే అదే దారిలో పరుగెత్తారు. నా బొత్తాలు ఒక్కొక్కటీ ఆయన కళ్ళపడ్డాయి. ఆ మోకాలితో మూడుసార్లు వంగి తీశారు. వంగడానికి పట్టిన కాలం ఆయన నిమిషాల్లో కలిసింది. గుప్పిట్లో పెట్టుకుని నాకివ్వడానికే వచ్చారు. వచ్చేసరికే నేను ముప్పై నాలుగు అని చెప్పేశాను, ఆయన ముందే చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు ఈ బొత్తాలు జేబులో మరిచిపోయి పంపారా, తెలిసే పంపారా? పోనీ దెప్పడానికి పంపారనుకుంటే నాకు కొంచెం తేలికయ్యేది. కానీ జిప్పుల జేబు పంపారు. నా జేబుకి చిల్లని తెలిసి, ఈసారైనా నా లెక్క నేలపాలు కాకూడదని పంపారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఉన్నదున్నట్టు చెప్పేశాను. చిల్లు సంగతి, పదమూడు సంగతి, నోరు మూసుకున్న సంగతి. మా ఆవిడ కూర వడ్డిస్తూ "మొన్న కాకి, ఇవాళ బొత్తాలా? కాస్త నమ్మేలా కొయ్యండి. మీ జేబుకి చిల్లుంటే మీరు ఊరుకుంటారా" అంది. కొడుకు నవ్వాడు. కోడలు మాత్రం తల ఎత్తలేదు. నా మీద నాకే జాలేసింది. నలభై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు, అవసరానికి ఎంత బాగా అడ్డొచ్చిందో చూడండి.

మర్నాడు టీచరమ్మ పనిచేసే బడికి వెళ్ళాను. ఆమె స్టోర్‌రూములో బంతుల్లో గాలి నింపుతోంది. చెప్పడం మొదలుపెట్టగానే ఆమె మొహంలోనూ కథ వినే నవ్వు వచ్చింది. ఇక మాటలతో లాభం లేదని, సంచిలోంచి నా పాత నిక్కరు తీసి బల్లమీద పెట్టి కుడి జేబు తిరగేసి చిల్లులోంచి వేలు బయటికి పెట్టాను. ముప్పై నాలుగు ఒక కుప్ప, పదమూడు ఒక కుప్ప, మూడు విడిగా పేర్చాను. నవ్వు ఆగిపోయింది.

"బాబాయిగారూ, ఆ రోజే తెలుసా మీకు?"

"మీరు కాగితం తీసేముందే తెలుసమ్మా."

ఆమె ఆ మూడు బొత్తాలనీ నా వైపు జరిపింది. ఆదివారం అందరి ముందూ చెప్పాలంది. ఈ ఏడాది మీరిక డిస్కు పట్టుకోకూడదంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన బంతులకి గాలి నింపుకుంటూ ఉండిపోయింది.

ఆదివారం చెప్పాను. సగం మంది ఎప్పటిలాగే నవ్వడానికి సిద్ధమయ్యారు. నా కాకి కథ అప్పటికే పార్కు దాకా పాకినట్టుంది, ఎవరో "కాకి ఎప్పుడొస్తుంది గురువుగారూ" అన్నారు. టీచరమ్మ నవ్వకుండా కాగితంలో నా అంకె కొట్టేయడం చూసి ఒక్కొక్కరే నోళ్ళు మూసుకున్నారు. మా వియ్యంకుడు నేలకేసి చూస్తున్నారు, తప్పు తనదే అయినట్టు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం కలిసే నడిచాం. నేనే ఉండబట్టలేక, ఆ రోజే అందరి ముందూ గుప్పిట ఎందుకు తెరవలేదని అడిగాను.

"మా అమ్మాయి మీ ఇంట్లో ఉంది కదా బావగారూ" అన్నారు. మెల్లగా అన్నారు, ఇంటి నంబరు చెప్పినట్టు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లని మేము ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అయినా ఈయన మనసులో ఒక మూల ఈ లెక్క నడుస్తూనే ఉంది. నేను గెలిచింది వేగంతో కాదు, అబద్ధంతో కూడా కాదు, ఆ భయంతో.

కొంతదూరం పోయాక ఆయనే అన్నారు. "మూడోది ఏడో బుట్ట దగ్గర పడింది. మోకాలు మంట పుట్టిస్తోంది. వదిలేద్దామా అనుకున్నాను."

"మరి ఎందుకు తీశారు?"

"తీయకపోతే మీ లెక్క తప్పుతుంది కదా" అన్నారు.

పోటీకి ఆయనే వెళ్ళారు. నిక్కరు నడుం నేను ఏమీ మార్చలేదు, ఇస్త్రీ చేసి తిరిగి ఇచ్చాను. డిస్కు ముట్టుకునే అర్హత లేదు కాబట్టి నీళ్ళ సీసా పట్టుకుని వెంట వెళ్ళాను. ఆయన బయల్దేరే గీత దగ్గర్నుంచి తొమ్మిదో బుట్ట దాకా మెల్లగా, తిన్నగా పరుగెత్తారు. ఆరో బుట్ట దగ్గర కూర్చుండిపోతారేమో అనిపించింది, కూర్చోలేదు. చివరి డిస్కు గొలుసుల్లో పడ్డాక ఆ స్తంభాన్ని పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. ఇక దాన్ని వదిలి రావాలని ఆయనకి తెలుసు. నేను దగ్గరికి వెళ్ళలేదు. అక్కడ నిలబడే హక్కు నాకు లేదనిపించింది.

ఇంటికి వచ్చేసరికి కోడలు గుమ్మంలోనే ఉంది. వాళ్ళ నాన్నకి కుర్చీ వేసి, కాలికింద దిండు పెట్టి, నా వైపు తిరిగింది. ఎలా జరిగిందో చెప్పమంది. మా ఆవిడా వచ్చి కూర్చుంది. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. మా వియ్యంకుడు కళ్ళు మూసుకున్నారు.

"ముప్పై ఒక్క విసుర్లు, ముప్పై రెండు నిమిషాలు. మొత్తం అరవై మూడు. పద్నాలుగు మందిలో తొమ్మిదో స్థానం" అన్నాను.

వాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారు. కోడలు అడిగింది.

"కాకి రాలేదా మావయ్యా?"

"రాలేదమ్మా" అన్నాను.