మోగని సైరన్

మార్చి పద్నాలుగు. ఆ మధ్యాహ్నం అతను తిన్నది రెండు రొట్టెలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. తిని పక్కనే ఉన్న తన ఇంట్లో కాస్త నడుం వాల్చి, గంటన్నర తర్వాత తాను పనిచేసే కోడిపిల్లల హేచరీకి తిరిగి వచ్చేసరికి, వేడిని అదుపుచేసే కంట్రోలర్ ఆరిపోయి, గుడ్లు పొదిగే పెద్దగదిలో ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. పన్నెండు వేల గుడ్లలో పిల్లలు వేడికి చచ్చిపోయాయి.

"సైరన్ గోలపెడుతుంటే నువ్వు మెక్కి పడుకున్నావు" అన్నాడు యజమాని. అతనూ అదే నమ్మాడు. ఆనాటి నుంచి గుడ్డు ముట్టలేదు. తిండి తినేది పెద్దగది తలుపు దగ్గరే, నిలబడి. ఇంటికి వెళ్లినా కంటిమీద కునుకు ఉండేది కాదు.

పాత కంట్రోలర్ ఈ వారంలో రెండుసార్లు తడబడింది. ఇప్పుడున్న గుడ్లు పిల్లలై గది ఖాళీ అయ్యేదాకా ఆగే వీల్లేదు. అందుకే భార్య చెల్లెలిని పిలిపించాడు. ఇలాంటి బోర్డులు బిగించడమే ఆమె వృత్తి. రెండు కొత్త బోర్డులు తెచ్చింది: ఒకటి సైరన్‌నీ అదనపు ఫ్యాన్‌నీ నడిపే రిలే బోర్డు, రెండోది గది వేడిని ఫోనుకు చేరవేసేది.

"కరెంటు తీస్తేనే బోర్డులు పెట్టగలను బావా. అంతసేపూ ఫ్యాన్లుండవు. గుడ్లకి పద్దెనిమిదో రోజు కదా, వాటి ఒంటి వేడే వాటికి యముడు."

"నాకు చెబుతావేంటి మరదలా? ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు. నువ్వే నా సైరన్‌వి. ముప్పై తొమ్మిది డిగ్రీలు తగిలితే అరిచెయ్."

మీట దించింది. ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. అతను తలుపులు బార్లా తీసి, థర్మామీటర్ ముందు నిలబడ్డాడు.

"ముప్పై ఏడున్నర."

ఆమె రిలే బోర్డు బిగించింది. పాత బోర్డు నుంచి సైరన్ తీగ విప్పి, కొత్తదానికి తగిలించబోయి ఆగింది. తీగనే చూస్తూ ఉండిపోయింది.

"ముప్పై ఎనిమిది! కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావా అక్కడ?"

"తర్వాత చెప్తా."

రెండో బోర్డు కూడా ఎక్కించి, రెంటినీ కలిపే పట్టీ తీగ గుచ్చి, మీట ఎత్తింది. తెర వెలగలేదు. ఫ్యాన్ కదల్లేదు.

"ముప్పై ఎనిమిదిన్నర." అతను ఆమె వైపు తిరిగాడు. "పాతదే పెట్టెయ్యి తల్లీ. ఇంకోసారి ఇలా జరిగితే నన్ను గేటు బయటికి తోస్తానన్నాడు యజమాని."

"పాతది బిగించడానికీ పది నిమిషాలు పడుతుంది. మాట్లాడకు."

మీట దించి, టార్చి వేసి వంగింది. అతను అట్టముక్కతో ట్రేల మీద విసరసాగాడు. పన్నెండు వేల గుడ్లకి ఒక అట్టముక్క! ముప్పై ఎనిమిది పాయింట్ ఎనిమిది. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"పట్టీ ఒక్క పిన్ను పక్కకి జరిగింది బావా!" పట్టీ పీకి, సరిచేసి గుచ్చి, మీట ఎత్తింది.

తెర వెలిగింది. ఫ్యాన్లు ఒక్కసారి మూలిగి తిరిగాయి. అతను గోడకు జారి నేలమీద కూలబడ్డాడు.

థర్మామీటర్‌లో ఎరుపు గీత మెల్లగా దిగుతూ ఉంటే, ఆమె ఇందాక వదిలేసిన సైరన్ తీగని కొత్త బోర్డుకి తగిలించి, అతని పక్కనే వచ్చి కూర్చుంది.

"బావా, ఆ రోజు సైరన్ మోగలేదు."

"మోగింది. నేనే వినలేదు."

"మోగలేదంటున్నాగా. తీగ కంట్రోలర్ బతికుంటేనే మోగే వైపు కట్టారు. కంట్రోలరే చచ్చిపోతే ఇంకెవరు మోగిస్తారు? నువ్వు చెవి ఆనించి కూర్చున్నా నీకేం వినబడేది కాదు."

అతను థర్మామీటర్ వైపు చూస్తూ అన్నాడు:

"ఇక్కడే ఉంటే థర్మామీటర్ చూసుండేవాణ్ణిగా."

"చూసుండేవాడివే" అంది ఆమె. కాదనలేదు. "ఇప్పుడు తీగని కంట్రోలర్ చచ్చిపోతే మోగే రెండో వైపుకి మార్చాను, సైరన్‌కి సొంత బ్యాటరీ ఉంది. చూడు."

తలుపులు మూసి, మీట దించింది. మరుక్షణం సైరన్ గోడలదిరేలా అరిచింది. అతను చెవులు మూసుకోలేదు. ఆమె మీట ఎత్తేదాకా అలాగే విన్నాడు.

"చాలా? ఇంకోసారి పాడించనా?"

"ఇంకోసారి" అన్నాడు, సిగ్గుపడుతూ.

పొద్దుగూకింది. ఇంట్లోంచి భార్యా మరదలూ అన్నానికి పిలుస్తున్నారు. జేబులో ఫోను సన్నగా కదిలింది: ముప్పై ఏడున్నర. అతను మరోసారి లోపలికి తొంగిచూసి, నిద్రపోయే పిల్లల గదిని మూసినట్టు, చప్పుడు కాకుండా పెద్దగది తలుపు మూశాడు.